రోసాకి వచ్చిన కడుపునొప్పి

ట్రాయ్, మిషిగన్
అక్టోబరు 10, 1982

చి.సౌ. వసుమతికి అన్నయ్య దక్షిణామూర్తి దీవించి రాయునది.

ట్రాయ్ నగర పౌరులకూ, శాంటా క్లారాలో ఉన్న నా ఒక్కగానొక్క చెల్లెలికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఈ ఆదివారం నుంచి మా ఇంటి టీవీ ఇటలీవారి ఏలుబడిలోకి పోయినది. గాలికి యాంటెన్నా విరిగింది. కొత్తది కొందామంటే కార్ల ఫ్యాక్టరీవాళ్లు నన్ను లే ఆఫ్ చేసి కూర్చోబెట్టారు. కోటు హ్యాంగర్ వంచి గుచ్చితే ఒకే ఒక్క చానెల్ తగిలింది. ఆదివారం పొద్దస్తమానం ఇటాలియన్ ప్రోగ్రాములే. ఏడాది పొడుగునా వేస్తారట.

భాష రాదు. అయినా చేతులూపుతూ అరుచుకునే జనం మనకి కొత్తా? సీరియల్లో రోసా అని ఒక గయ్యాళి ఉంది. ఇవాళ కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది. డాక్టరొస్తే చీపురు తిరగేసి తరిమి, ఆలివ్ నూనెలో వెల్లుల్లి వేయించుకుని మింగింది. సాయంత్రానికి చర్చి ముందర డాన్సు.

బావగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ అన్నయ్య

తా.క.: ఆ రోసా నోరు అచ్చం నీదే అంటోంది మీ వదిన. నేను కాదనలేదు.

శాంటా క్లారా
నవంబరు 2, 1982

అన్నయ్యకి నమస్కారాలు.

నీకు చెప్పకూడదనుకున్నాను. నాకూ కడుపులో గడ్డ ఉంది. డాక్టరు ఆపరేషన్ చేయాలన్నాడు, డేట్ కూడా ఇచ్చాడు. నీ ఉత్తరం చదివాక ఫోన్ చేసి క్యాన్సిల్ చేసేశాను. రోసాకి తగ్గినప్పుడు నాకెందుకు తగ్గదు? రెండు పూటలా వెల్లుల్లే. మీ బావగారు హాల్లో పడుకుంటున్నారు.

తరవాత రోసా ఏం చేసిందో వెంటనే రాయి.

నీ చెల్లెలు,
వసుమతి

తా.క.: నోరు నాదైతే ఆ చీపురు తనదేనని వదినకి చెప్పు.

ట్రాయ్
ఫిబ్రవరి 6, 1983

చి.సౌ. వసుమతికి, దీవెనలు తరవాత. ముందు తిట్లు.

నీకు బుర్ర ఉందా? అది టీవీ. మూడు నెలల్నుంచి మొత్తుకుంటున్నాను. ఫోన్ చేస్తే బావగారు "పడుకుంది" అని పెట్టేస్తున్నారు. అంత నిద్రేమిటి నీకు?

రోసాకి నొప్పి తిరగబెట్టింది. వెల్లుల్లి కాణీకి పనికిరాలేదు. ఇవాళ గంటసేపూ మంచం దిగలేదు. తరవాత పాటల పోటీ వేశారు, అందులోనూ ఎవరూ నవ్వలేదు. పొద్దున్నే మళ్లీ డేట్ బుక్ చేయి.

నీ మీద మండిపడుతూ,
అన్నయ్య

తా.క.: పాటల్లో మొదటి బహుమతి వచ్చినవాడు రోసా కంటే ఎక్కువ మూలిగాడు.

శాంటా క్లారా
మార్చి 1, 1983

అన్నయ్యకి నమస్కారాలు.

రోసా వెల్లుల్లి మానేసి ఉంటుంది, అందుకే తిరగబెట్టింది. నేను మోతాదు పెంచాను. డేట్ గీట్ లేదు.

ఇక్కడ మనవాళ్లు శనివారమైతే చాలు, పులిహోర పట్టుకుని వస్తున్నారు. నా మొహం చూడరు, గోడని చూస్తూ మాట్లాడతారు. గిన్నెల లెక్కలో గట్టిది శశికళ, అది కూడా తన గిన్నె వెనక్కి అడగడం లేదు. తిట్టేవాడివి నువ్వొక్కడివే. ఇంకా తిట్టు.

నీ మొండి చెల్లెలు,
వసుమతి

తా.క.: పులిహోరలో ఉప్పు లేదు. ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు కదా, సరిపోతుందనుకున్నారేమో.

ట్రాయ్
ఏప్రిల్ 3, 1983

చి.సౌ. వసుమతికి,

ఈస్టరు పండగ పూట రోసా చచ్చిపోయింది. ఊరంతా నల్లబట్టలు. చీపురుతో తరిమిన ఆ డాక్టరే పెట్టె మోశాడు. పోయేముందు "అప్పుడే కోయించుకోవాల్సింది" అంది. ఇన్నాళ్లలో ఆ ఒక్క ముక్కే నాకు స్పష్టంగా అర్థమైంది.

ఆపరేషన్ చేయించుకుంటావా, నన్ను బస్సెక్కి రమ్మంటావా? వచ్చానంటే నిన్ను బల్లకి కట్టేయించేదాకా కదలను.

ఇట్లు,
భయంతో మీ అన్నయ్య

తా.క.: వెల్లుల్లి కంపుకి చుట్టాలు రోసాకి ఆఖరి ముద్దు పెట్టకుండానే సాగనంపారు.

శాంటా క్లారా
మే 9, 1983

అన్నయ్యకి నమస్కారాలు.

నా చెయ్యి ఆడడం లేదు. నేను చెబుతుంటే మీ బావగారు రాస్తున్నారు. అక్షరాలు తడిసిన చోట్ల వదిలేసి చదువుకో.

చెల్లెలు బతికుండగానే రోసాని చంపుతావా? తెలుగు హరికథే సగంలో నిద్రపోయి, లేచి, కథ మార్చి చెప్పేవాడివి. నీకు ఇటాలియన్ సీరియల్ ఎలా తెలుస్తుంది? రోసా అనే మనిషే లేదని మొదటి ఉత్తరంలోనే పట్టుకున్నాను. లేనిదాన్ని చంపగలిగినవాడివి లేపలేవా? పొరపాటున పెట్టెలో పెట్టేశారని రాయి. మూత తన్ని లేచి, మోస్తున్న డాక్టరుని కడిగేయాలి. ఆలస్యం చేయకు, నాకు ఎన్ని ఆదివారాలు మిగిలాయో తెలీదు.

బస్సెక్కి రా. ఆపరేషన్ గొడవ మాత్రం ఎత్తకు.

నీ చెల్లెలు,
వసుమతి

తా.క.: కోసి లాభం లేదని నీ మొదటి ఉత్తరానికి ముందే, సెప్టెంబరులోనే డాక్టర్లు చెప్పేశారు. ఆ మాట రాస్తే నువ్వు తిట్టడం మానేసేవాడివి. అందుకని నువ్వు రోసాని కల్పిస్తే, నేను ఆపరేషన్‌ని కల్పించాను. డేటు, ఫోను, క్యాన్సిలు, అంతా ఉత్తదే.