బెల్లం నీళ్ల ఆవిరి

ఎవెలియో, బస్సుకు టైమైంది. నిన్ను లేపబుద్ధి కాలేదు.

అత్తయ్య పెంచిన ఆర్కిడ్ మొక్క మొగ్గ తొడిగింది. రోజూ సాయంత్రం పొయ్యి మీద బెల్లం నీళ్లు పెట్టి, కుండీని పక్కనున్న అరలో ఉంచు. ఆవిరి తగలాలి, సెగ తగలకూడదు. అద్దం మసకబారిందని కిటికీ తెరిచావంటే ఈ బొగోటా చలిగాలికి మొగ్గ రాలిపోతుంది. మొగ్గ మీద నీళ్లు చల్లకు, కుళ్లిపోతుంది. తాగగా మిగిలిన కాఫీ కుండీలో పొయ్యకు, అదేం సింకు కాదు.

"తాగేవాళ్లు లేరు, గ్యాసు దండగ" అని ఇది చదువుతూ సణుగుతున్నావు కదా. మీ అమ్మ పోయాక ఆవిడ బెల్లం నీళ్లు కాచే గిన్నెను అటకెక్కించింది నువ్వే. అప్పటినుంచీ ఈ మొక్క పూయలేదు. ఆవిడ మనకోసం కాచేది, ఆ ఆవిరితో ఇది బతికేది. అందుకే గిన్నె దించాను. దించిన దగ్గర్నుంచి నువ్వు సాయంత్రాలు వంటింట్లోకి రావడమే మానేశావు. నేనేమైనా అన్నానా?

నువ్వూ ఒక కప్పు తాగు. ఆవిడ ఇచ్చినట్టే చీజ్ ముక్క వేసుకుని.

నోహెమీ

మర్చిపోయాను. నేను ఇబాగేలో అక్క దగ్గర్నుంచి వచ్చేలోపే పువ్వు విచ్చితే, ఏడుపొస్తే ఆపుకోకు. చూసేవాళ్లెవరూ ఉండరు. దానికెలాగూ తేమ కావాలి.