నీళ్లెక్కిన వంతెన ప్రశ్న

అన్నా,

నీ బస్సు వరదలో కొట్టుకుపోయి నేటికి ఏడాది. ఎల్లుండి సువా పట్నంలో నాకు రాతపరీక్ష. అది ప్యాసైతేనే నన్ను ప్రయాణికుల బస్సు నడపనిస్తారు. కొత్త పుస్తకం కొనలేదు, నీదే చదువుతున్నాను.

నిన్న సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని ప్రశ్నలన్నీ తెలుగులో చెప్పించుకుంది. కొన్నిటికి నాకంటే ముందే జవాబు చెప్పి నవ్వింది కూడా. ఆ ఊపులో తరువాతి ప్రశ్న చూసుకోకుండా చదివేశాను. వంతెన మీద నీళ్లు పారుతుంటే డ్రైవరు ఏం చెయ్యాలి?

"ఆపాలి," అంది అమ్మ. "అన్న ఏం పెట్టాడు, బేటీ?" అని అడిగింది.

సరైన జవాబు పక్కనే నీ పెన్సిలు గుర్తు ఉంది. అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు.

"ఆపాలనే పెట్టాడమ్మా."

"వాడికి మాలూం రహా," అంది. "తెలిసే బస్సు పోనిచ్చాడు."

నీతోపాటు పోయిన బడిపిల్ల ఇల్లు మన నవువా ఊళ్లోనే, రెండు వీధుల అవతల. వాళ్లు నిన్ను తప్పుపట్టారని అమ్మ ఏడాదిగా ఆ వైపు వెళ్లలేదు. తప్పంతా నదిదే అనేది. ఈ ఉదయం ఒక్కతే వెళ్లింది. గంట తర్వాత వచ్చింది. నీ ఫొటోకని నేను కట్టిన దండ ఆ పిల్ల ఫొటోకి వేసిందట.

"వాళ్లమ్మ ఏమంది?" అన్నాను.

"కూర్చోమంది. పిల్ల నోటుబుక్కులు చూపించింది. అన్నీ చూశా."

నీకు ఇంకో దండ కట్టడానికి నాకు చేతులు రాలేదన్నా.

నీ చెల్లి