కిర్ష్‌ఫెల్ట్‌ను విడగొట్టిందెవరు?

మానిటోబా, కెనడా,
8 జనవరి 1979

శ్రీమతి అగనేటా బూకర్ట్ గారికి,

పల్లెల చరిత్ర సంఘం కార్యదర్శి కొర్నేలియస్ హార్డర్ నమస్కరించి రాయునది.

మన మెన్నొనైట్ క్రైస్తవుల పాత పల్లెల మీద మా సంఘం ఒక పుస్తకం వేస్తోంది. మాజీ గ్రామాల అధ్యాయంలో మీ కిర్ష్‌ఫెల్ట్‌కు రెండు పేజీలు కేటాయించాం. జతపరచిన ఫారం నింపి, మీ ఫోటో ఒకటి జోడించి పంపగలరు. మీకు శ్రమ ఎందుకని జనాభా గడిలో సున్నా మేమే వేసేశాం. ఊరు అంతరించడానికి కారణం అన్నచోట నాలుగు గడులున్నాయి: మెక్సికో వలస, ఇంగ్లీషు బడి, రైలు రాకపోవడం, ఇతరములు. ఏదో ఒక్కదానికే టిక్కు పెట్టవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
కె. హార్డర్

తా.క. ఈ ఉత్తరం అందినదీ లేనిదీ వెంటనే తెలుపగలరు. ఆ ఊళ్ళో ఎవరూ లేరు కదా అని పోస్టాఫీసువారు సందేహిస్తున్నారు.


కిర్ష్‌ఫెల్ట్,
17 జనవరి

హార్డర్ వారి అబ్బాయికి,

దేవుని దయవల్ల ఇక్కడ నేను క్షేమం. మీ లెక్క ప్రకారం ఇక్కడ ఎవరూ లేరు కాబట్టి ఎవరు క్షేమమని అడక్కు. నా వంటింట్లో, నా బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. సున్నా కొట్టేసి ఒకటి వేశాను. పిల్లులు రెండున్నాయి గానీ వాటికి మీరు గడి పెట్టలేదు.

మాజీ గ్రామం అంటే ఏమిటి నాయనా? మాజీ పోస్టుమాస్టరు తెలుసు, ఇంట్లో కూర్చుని అందరినీ విసిగిస్తుంటాడు. ఊరు ఎక్కడికి పోతుంది? వీధి ఉంది, పచ్చికబయలు ఉంది, బావి ఉంది, నేనున్నాను.

కారణం దగ్గర నాలుగు గడుల్లోనూ టిక్కు పెట్టాను. ఒక్కదానికే పెట్టమన్నావు గానీ మిగతావి చిన్నబుచ్చుకోవూ? 'ఇతరములు' దగ్గర వివరం రాయమన్నారు. అది రాయను.

ఇంతకీ నువ్వు ఏ హార్డర్ల అబ్బాయివి? వాగు అవతలి హార్డర్లా, చెవిటి యాకోబు హార్డర్లా? మీ అమ్మ ఎవరు? అది చెప్పకుండా ఉత్తరం రాయడమేమిటి, బ్యాంకువాడిలాగా.

ఇట్లు,
అగనేటా బూకర్ట్

తా.క. నా ఫోటో అడిగావు. మా కాలంలో ఫోటో తీయించుకోవడం గర్వం కింద లెక్క. ఇంటి ఫోటో పంపుతున్నాను. తలుపు పక్కన కనిపించే మోచెయ్యి నాదే. పుస్తకంలో వేసేటప్పుడు దాన్ని కత్తిరించెయ్యి.

ఇంకో తా.క. సున్నా మీరే వేసేశారు కాబట్టి నేను పోయే తారీఖు కూడా మీ దగ్గర ఉండి ఉంటుంది. తెలియజేస్తే ఈ ఏడు బంగాళాదుంపలు వెయ్యాలో వద్దో చూసుకుంటాను.


26 జనవరి

గౌరవనీయులైన అగనేటా బూకర్ట్ గారికి,

సున్నా సంగతిలో సంఘం తరఫున క్షమాపణలు. నిన్నటి సమావేశంలో మీ ఒకటిని ఏకగ్రీవంగా ఆమోదించాం.

నేను అబ్రామ్ హార్డర్ కొడుకును. మా అమ్మ సారా. ఈ పుస్తకం పని నెత్తిన వేసుకోవడానికి నా సొంత కారణం ఒకటుంది, దాచడమెందుకు. మన పల్లెల్లో భూమి కాగితాల మీద ఎవరిది వారిదే, మాటమీద మాత్రం అందరిదీ కదా. ఒక్కరు 'నా ముక్క నాకిచ్చెయ్యండి, అక్కడికి పోయి ఉంటాను' అన్నారంటే ఆ మాట చెల్లిపోయినట్టే, ఇక ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోతారు. కిర్ష్‌ఫెల్ట్‌లో ఆ మొదటివాడు మా నాన్నేనని అందరూ అంటారు. బడిలో నన్ను 'ఊరు విడగొట్టినోడి కొడుకా' అని పిలిచేవారు. నాన్న పోయి పదకొండేళ్ళయింది. ఒక్కసారీ అవుననలేదు, కాదనలేదు. గ్రామపెద్ద చిట్టాలో ఆ ఏటి పేజీ ఎలుకలు తినేశాయి.

నాకిప్పుడు యాభైరెండేళ్ళు. నిజం తెలుసుకోవాలని ఉంది. ఆ 'ఇతరములు' ఏమిటో చెప్పండి.

విధేయుడు,
కొర్నేలియస్

తా.క. మోచేతిని కత్తిరించాలంటే తలుపు కూడా పోతుందట. ఉంచమంటారా?


కిర్ష్‌ఫెల్ట్,
9 ఫిబ్రవరి

చిరంజీవి కొర్నేలియస్‌కు,

ఉత్తరం అందింది. ఇక్కడ చలి బాగా ఉంది. పుచ్చకాయ ఊరగాయ ఎలా పెట్టాలో పుస్తకంలో వేసుకుంటావని రెండు కాగితాలు రాసి ఇందులో పెట్టాను. మెంతికూర కాదు, సోయకూర వెయ్యాలి. ఇంటినీ గొడ్లకొట్టాన్నీ ఒకే కప్పు కింద ఎందుకు కట్టేవాళ్ళమో ఇంకో కాగితం మీద రాశాను. జనవరి నెలలో పాలు పితకడానికి ఒకసారి బయటికి నడిచి చూడు, ఎందుకో నీకే తెలుస్తుంది.

మీ నాన్న మంచివాడు. మీ అమ్మ ఎలా ఉంది?

నన్ను గారూ గీరూ అనకు. అత్తా అను చాలు.

ఇట్లు,
నేటా అత్త

తా.క. నువ్వు అబ్రామ్ కొడుకువని మొదటే చెప్పి ఉంటే ఆ నాలుగో గడి జోలికి పోయేదాన్ని కాదు.


20 ఫిబ్రవరి

నేటా అత్తకు,

అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబు రాశావు. ఎందుకు రాయలేదో అర్థమైంది. నా మనసు నొచ్చుకుంటుందని నిజం మింగేశావు. నీ తా.క. మూడుసార్లు చదివాను. అంటే విడగొట్టింది నాన్నే.

అమ్మ నర్సింగ్ హోములో ఉంది, మాటలో, వినికిడిలో ఏ లోటూ లేదు. ఇదే అడిగితే "మీ నాన్న చాలా మంచోడురా" అని కిటికీ వైపు తిరిగిపోతుంది. ఇద్దరూ ఒకే మాట అంటున్నారంటే ఇక అనుమానమెందుకు?

మార్చి 31న పుస్తకం అచ్చుకు పోతుంది. కారణం గడిలో 'అబ్రామ్ హార్డర్ తన భూమి వేరు చేసుకొనుట' అని రాశాను. మా వాళ్ళ తప్పు నేనే దాచానన్న మాట రాకూడదు. రాజీనామా ఉత్తరం కూడా సిద్ధంగా ఉంది. నాకు కోపం లేదత్తా, బాధగా ఉంది.

ఇట్లు,
కొర్నేలియస్

తా.క. ఊరగాయ సంఘానికి చాలా నచ్చింది. రెండు పేజీల్లో ఒకటిన్నర దానికే పోయింది.


కిర్ష్‌ఫెల్ట్,
1 మార్చి

కొర్నేలియస్,

ఆ ముక్క కొట్టెయ్యి. ముందు కొట్టేసి తర్వాత ఈ ఉత్తరం చదువు.

ఊరు విడగొట్టింది మీ నాన్న కాదు, నేను.

ఊరి గొడ్లన్నీ ఒకే మంద కదా. సాయంత్రం కాపరి వాటిని వీధిలోకి తోలితే ఏ ఆవు వాళ్ళ గేట్లోకి అది తిరిగేది. పెళ్ళయిన మూడో ఏడు, ఆగస్టులో, నా ఆవు నా గేటు దాటిపోయి పక్కింట్లోకి, అంటే మీ ఇంట్లోకి, పోవడం మొదలెట్టింది. రోజూ అదే వరస. వీధంతా గేట్ల దగ్గర నిలబడి చూసేవాళ్ళు. "నేటా చేతి గడ్డి ఆవుకి కూడా సయించట్లేదే" అని ఒకావిడ. "మొగుడు జాగ్రత్తమ్మా, తర్వాత వాడే" అని ఇంకొకావిడ. నేను తలొంచుకుని మీ ఇంటికి వెళ్ళి దాన్ని తోలుకొచ్చేదాన్ని. నాకప్పుడు ఇరవైమూడేళ్ళు. సిగ్గుతో చచ్చిపోయాను. అక్టోబరులో మా గెర్హార్డ్‌తో, మన భూమి మనం తీసుకుని పోదాం, ఈ వీధిలో ఉండనన్నాను. పాపం, వెళ్ళి గ్రామపెద్దకు చెప్పాడు.

ఆ చలికాలం ఇళ్ళను మంచుబండ్ల మీదికెక్కించి లాగారు. మా బండి విరిగి ఆగిపోయాం. మీ నాన్నకేమైందో, తనూ అదే వారం బయల్దేరాడు. జనం కళ్ళకు ముందు కదిలింది మీ ఇల్లు. అందరూ అబ్రామ్ అన్నారు. తను మమ్మల్ని చూపించలేదు. మేమూ నోరు విప్పలేదు. యాభైఏడేళ్ళుగా సారాను చావుల్లో తప్ప చూడలేదు. ఏ మొహం పెట్టుకుని చూడను?

అక్కడ మా పొలంలో ఒంటరిగా ఎనిమిదేళ్ళున్నాం. పలకరించే మనిషి లేడు. ఇంటిని మళ్ళీ బండెక్కించి ఇక్కడికే తెచ్చుకున్నాం. అప్పటికి వీధి ఖాళీ. మొదట వెళ్ళింది నేనే, మిగిలిందీ నేనే. పుస్తకంలో నా పేరే వెయ్యి.

ఇట్లు,
నేటా

తా.క. మోచెయ్యి ఉంచు. నేరం చేసినవాళ్ళ ఫోటో ఉండాలి కదా.


12 మార్చి

నేటా అత్తకు నమస్కారాలు.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. ఆవు దగ్గరికొచ్చేసరికి "ఆపు" అంది. తర్వాత అన్నది అన్నట్టే రాస్తున్నాను:

"కొత్తగా కాపురానికొచ్చాన్రా. ఆ వీధిలో నాకెవరూ తెలీదు. పక్కింటి నేటా ఎప్పుడూ పనే, తలెత్తేది కాదు. ఓ సాయంత్రం గేటు దగ్గర పుచ్చకాయ తొక్కలు పోస్తే దాని ఆవు వచ్చి తినేసింది. ఆవు వెనకాలే నేటా వచ్చింది. ఆవుని తిడతా కంచె దగ్గర అరగంట నిలబడింది. మర్నాడు మళ్ళీ పోశాను. తొక్కలైపోతే గుమ్మడికాయలు పోశాను. నేటా సిగ్గుపడుతోందని నాకేం తెలుసు, ఎండకి మొహం ఎర్రబడిందనుకున్నా. వాళ్ళు పోతున్నారని తెలిసి, నేటా లేని ఇంటిపక్కన నేనుండనని మీ నాన్నతో ఏడ్చాను. అందుకే మనమూ కదిలాం."

నాన్న ఎందుకు నోరు విప్పలేదో ఇప్పుడు తెలిసింది. చెబితే అమ్మ పేరు వస్తుంది.

కారణం గడి ఖాళీగానే అచ్చుకు పంపుతున్నాను. రాజీనామా చింపేశాను. అమ్మ పొద్దుటి నుంచి కోటు వేసుకుని తలుపు దగ్గర కూర్చుంది, ఆదివారం ఇంకా ఆరు రోజులుందన్నా వినడం లేదు. ఆదివారం మధ్యాహ్నం తనను తీసుకొస్తున్నాను.

ఇట్లు,
సారా, అబ్రామ్‌ల కొడుకు
కొర్నేలియస్

తా.క. అమ్మ రాయమంటోంది: "యాభైఏడేళ్ళ కిందటే నేను నీ గేటు తీసుకుని లోపలికి రావాల్సింది నేటా. ఇప్పుడొస్తున్నా."