సముద్రానికి మరవ యాడుందప్పా?

రెడ్డెప్పా,

నిన్న మిత్రులందరం వ్యానులో మద్రాసు వెళ్లి సముద్రం చూసి వచ్చాం. నువ్వు పోయి ఏడాదైంది. అప్పటినుంచి మన బాషా పుంగనూరులో కుట్టు అంగడి మూసేసి ఇంట్లోనే ఉన్నాడు. ఎవరు పిలిచినా రాడు. ఈసారి చిన్నప్ప ఊరుకోలేదు, చెయ్యి పట్టి వ్యాను ఎక్కించాడు.

ఎండ బాగా కాసింది. మేమంతా నీళ్లలోకి దిగాం. బాషా మాత్రం చెప్పులైనా విప్పకుండా ఇసుకలో నిలబడ్డాడు. చాలాసేపు చూసి, "ఇన్ని నీళ్లుండాయే, మరవ యాడుందప్పా?" అన్నాడు.

చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మరవను సముద్రానికీ వెతికాడు.

"సముద్రానికి మరవేందిరా! నువ్వు దిగితే పొర్లుతాదేమో, దిగి సూడు" అన్నాడు చిన్నప్ప.

ముందు నవ్వింది బాషానే. నవ్వుతూనే చెప్పులు విప్పాడు. రామసముద్రం చెరువు మరవ పోతోందని తెలిస్తే చాలు, మమ్మల్ని సైకిళ్ల మీద లాక్కుపోయేవాడివి నువ్వు. అందరికీ అదే గుర్తొచ్చి ఉంటుంది. ఎవరూ నీ పేరు ఎత్తలేదు.

సాయంత్రం వ్యాను దగ్గర, అలలకు నా ప్యాంటు అంచు ఊడిపోయి ఉండడం బాషా కంటపడింది. అతని అంగడి మూతపడ్డాక వేరేచోట కుట్టించుకున్న ప్యాంటు అది.

"ఎవుడప్పా దీన్ని కుట్టింది? కుట్టు సూడు, యాడికి పోతాందో. రేప్పొద్దున అంగడికి తీసుకురా."

"ఏ అంగడికి?" అన్నాను.

"నాకెన్ని అంగళ్లుండాయి?" అని కసిరాడు.

ప్యాంటు ఉతికి, మడిచి సంచిలో పెట్టుకున్నాను. అంగడి తెరిచే వేళైంది, పోయొస్తాను.