ఆకుపచ్చ కారా, నల్లకారా?

బెజవాడ,
4 మార్చి 1948

బావగారికి సుబ్రహ్మణ్యం నమస్కారాలు.

రెండు కార్లూ చూశాను. ఆకుపచ్చది పది హార్స్‌పవర్. గాలనుకు ముప్ఫై మైళ్లు ఇస్తుంది గాని ఎత్తు ఎక్కేటప్పుడు మూలుగుతుంది. నల్లది ఇరవై హార్స్‌పవర్, పదహారు మైళ్లే. ఇంజను మాత్రం బంగారం. డ్రైవరు సలోమోను రెండింటినీ హనుమాన్ జంక్షన్ దాకా నడిపాడు. ఉన్నది ఇద్దరమే అయినా నల్లకారు వెనక స్ప్రింగులు కుంగిపోయాయి. ఏది కొనమంటారో రాయండి.

మీ బావమరిది,
సుబ్రహ్మణ్యం

తా.క. కుంగడం ఎందుకో వచ్చేటప్పుడు తెలిసింది. వెనక సీట్లో కోటు వేసుకున్న పెద్దాయన ఒకరు, ఒళ్లో తోలుసంచీతో కూర్చుని ఉన్నారు. ఎప్పుడెక్కారో చూడలేదు. అమ్మేవాళ్ల మనిషి కాబోలు. "ఎన్నో నెల?" అని అడిగారు. ఎనిమిదని చెప్పాను.

నూజివీడు,
8 మార్చి

చి. సుబ్రహ్మణ్యానికి ఆశీస్సులు.

ఆకుపచ్చదే కొను. రేషన్లో నాకిచ్చే పెట్రోలు కూపన్లకు నల్లది చాట్రాయి మామిడితోటల దాకా పోయి అక్కడే నిలబడిపోతుంది. కారు తోటల కోసమని బజారులో చెబుతున్నాను గాని, అసలు సంగతి నీకు తెలుసు. నిరుడు మీ అక్కకు నొప్పులొస్తే బెజవాడ డాక్టరుకు కబురు పంపాం. ఆయన రాలేదు. ఎద్దుబండిలో బయల్దేరితే బాపులపాడు చేరకముందే బిడ్డ పోయింది. ఆయన ఎందుకు రాలేదని కనుక్కోవడానికి నాకు మనసొప్పలేదు. ఈసారి కారు గుమ్మంలో ఉండాలి.

ఇట్లు,
బుచ్చయ్య

తా.క. ఆ పెద్దాయనతో ఎనిమిదో నెలని ఎందుకు చెప్పావు? ఇది మార్చి, మూడో నెల. ఆగస్టులో కారొస్తే తోటల్లో ఆకులు లెక్కపెట్టడానికా? కారుతోపాటు మనిషిని కూడా అంటగడతారేమో, చూసుకో.

బెజవాడ,
13 మార్చి

బావగారికి నమస్కారాలు.

ఆకుపచ్చ కారు కొన్నాను. రేపు సలోమోను తెస్తాడు.

ఆయన అడిగింది అక్క నెలలండీ. అక్క సంగతి ఆయనకెలా తెలుసని నల్లకారు అమ్మే కృష్ణమూర్తిని అడిగాను. తమ మనుషులెవరూ ఆ కారెక్కలేదన్నాడు. కోటు, తోలుసంచీ అని చెప్పేసరికి నన్ను లోపలికి తీసుకెళ్లి గోడమీది ఫోటో చూపించాడు. ఆయనే. కృష్ణమూర్తి తండ్రి, డాక్టరు. నిరుడు నూజివీడులో పురుడు పోయడానికి వస్తూ ఆ వెనక సీట్లోనే గుండె ఆగి పోయారట. తేదీ అడిగాను. మనం కబురు పంపిన రోజే.

సుబ్రహ్మణ్యం

తా.క. మీ ఇల్లెక్కడని ఆయన అడిగితే గుర్తులతో సహా చెప్పేశాను. చాలా మర్యాదగా అడిగారండీ.

నూజివీడు,
10 ఏప్రిల్

చి. సుబ్రహ్మణ్యానికి ఆశీస్సులు. నీకు మేనకోడలు పుట్టింది.

నీ ఉత్తరం సంగతి మీ అక్కకు చెప్పలేదు. మొన్న పొద్దున నొప్పులు మొదలైతే వెనక సీటంతా తనకు వదిలి నేను ముందు కూర్చున్నాను. బాపులపాడు దగ్గర కారు వెనక్కి కుంగింది. ఆస్పత్రి వాసన వచ్చింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

"కారాపండి, డాక్టరుగారు ఆపమంటున్నారు" అంది మీ అక్క.

సలోమోనూ నేనూ దిగి రోడ్డు మీద నిలబడ్డాం. కాసేపటికి బిడ్డ ఏడుపు వినిపించింది. తలుపు తీస్తే తల్లీబిడ్డా తప్ప ఎవరూ లేరు. బొడ్డు కోసి, శుభ్రంగా ముడి వేసి ఉంది.

"ఆలస్యమైంది, క్షమించమన్నారండీ" అంది మీ అక్క. నేను ఆ రోడ్డు పక్కనే కూలబడి ఏడ్చాను.

నిన్న చాట్రాయి తోటలో పనిచేసే వీరయ్య వచ్చాడు. భార్య నాగేంద్రమ్మకు నొప్పులట. ఎవరో పెద్దాయన వచ్చి మా కారు అడగమన్నాడట. పంపాను. ఇవాళ మరో ఇద్దరొచ్చారు.

బుచ్చయ్య

తా.క. నల్లకారు ఇంకా అమ్ముడుపోకపోతే కొనెయ్. గాలనుకు ఎన్ని మైళ్లని అడగను. కాయ కోతకొచ్చింది, నేనూ ఎందులోనో ఒకదాంట్లో తిరగాలి గదా.