జాజు కింద పొక్కులు

చండ్రుగొండ, జూన్ 10

నేను తాతను కాబోతున్నానురా! చిరంజీవి నాగచైతన్యా, నా బంగారు కొడుకా, కోడలు ఫోన్ చేసేసరికి పత్తి గింజలు పెట్టి అప్పుడే ఇంటికి వచ్చా. నాకు చెవుడు కదా, స్పీకరు పెడితే వాడకట్టంతా విన్నది. అందరూ మిఠాయి కోసం వచ్చి వాకిట్లో కూర్చున్నారు! ఇంత సంతోషంలో సాహిత్య "మీ అబ్బాయి నాతో సరిగా మాట్లాడతలేడు మామయ్యా" అంది. ఏంది సంగతి?

మురిసిపోతున్న మీ నాన్న,
వెంకటరామారావు

సారపాక, జూన్ 18

ప్రియమైన నాన్నకు,

స్పీకరులో చెప్పే సంగతి కాదు కాబట్టి రాస్తున్నా. చెప్పుకోలేని చోట నీటి పొక్కులు గుంపుగా లేచాయి. మంట, జ్వరం, గజ్జల్లో బిళ్ళలు. పోయినేడు కూడా వచ్చి వారంలో మానాయి. సర్పి అనుకొని, మన ఊరి నాటువైద్యుడు బొజ్జయ్య పూసినట్టే ఎర్రజాజు, అదే గోడలకు అలికే ఎర్రమట్టి, పట్టించుకున్నా. భద్రాచలంలో డాక్టరమ్మ చూసి, "గోడకు అలికినట్టు అలుక్కొచ్చినవ్! తాజా పొక్కులో నీళ్ళు తీస్తేనే టెస్టు" అంది. కడిగేసరికి అన్నీ చెక్కు కట్టి ఉన్నాయి. చూడబోతే హెర్పిస్ అట, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందట. మళ్ళీ లేచిన రోజే రమ్మంది, సాహిత్యనూ తీసుకురమ్మంది. ఆమెకు ఏ మొహంతో చెప్పను? కడుపులో బిడ్డకు ఏమవుతుందో!

మీ చైతూ

చండ్రుగొండ, జూన్ 24

ఒరేయ్ పిచ్చి కొడుకా,

చిన్నప్పుడు బొజ్జయ్య దగ్గరికి తీసుకుపోయి జాజు నేర్పింది నేనే, తప్పు నాది. దవాఖానాలో నర్సు జంపక్కను అడిగొచ్చా. నీ పేరు తీస్తానా? నాకే వచ్చిందని చెప్పా! చెవిటివాడిని, మెల్లగా అడగడం చేతకాక అరిచా. వరుసలో ఉన్నవాళ్ళంతా విన్నారు. "ఈ వయసుల నీకేం రోగం పెద్దయ్యా!" అని జంపక్క నవ్వింది గానీ అన్నీ చెప్పింది. అది ఒంట్లో ఏళ్ళ తరబడి దాగి ఉంటుందట. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేరట. పొక్కులున్నన్నాళ్ళు కోడలికి దూరంగా ఉండు. కాన్పు డాక్టరుకు ముందే తెలియాలి. ఇవాళే కోడలికి చెప్పు. అంతా మంచే అవుతుంది, నా మాట రాసి పెట్టుకో!

నీ నాన్న

సారపాక, ఆగస్టు 2

నాన్నా,

చెప్పేశా. విని, సాహిత్య ఆ పూట తనకొక్కదానికే వండుకుంది. తర్వాత "పొక్కులకు కాదు నా కోపం, దాచినందుకు" అంది. మళ్ళీ లేచిన రోజు తనే నన్ను బస్సెక్కించి, తనూ వచ్చింది. టెస్టులో హెర్పిసే అని తేలింది. సాహిత్య రక్తంలోనూ పాత గుర్తు ఉందట, ఒక్క పొక్కూ రాకుండానే! ఆమె ఒంట్లో తయారైన బలం బిడ్డకూ అందుతుందంది డాక్టరమ్మ. చివరి నెలలో మాత్రలు ఇస్తారు. నొప్పుల రోజు చూసి, పొక్కులుంటే ఆపరేషన్, లేకుంటే మామూలు కాన్పు.

గుండె దిటవైన,
మీ చైతూ

చండ్రుగొండ, జనవరి 9

నా మనవరాలి నాన్నకు,

చూసొచ్చి మూడు రోజులైనా కాళ్ళు నేలమీద ఆనడం లేదు. మామూలు కాన్పు, మూడు కిలోల పిల్ల! ఇంకో ముచ్చట. నా రోగం ఊరంతా పాకింది కదా, మొన్న చేను గట్టు మీద ఇద్దరు మగవాళ్ళు అటూ ఇటూ చూసి, "పెద్దయ్యా, ఏ డాక్టరుకు చూపించుకున్నవ్?" అని అడిగారు. రేపు ఇద్దరినీ భద్రాచలం తీసుకొస్తున్నా. జాజు పూయొద్దని ముందే చెప్పా!

నా ఫోన్ అరుపులు ఎవరికీ అర్థం కావడం లేదు. పాప కబురు నువ్వే చెప్పు: మధిర పెద్దత్తకు, సత్తుపల్లి ఉదయశ్రీ పిన్నికి, ఖమ్మం జయప్రకాశ్ మామకు, వైరా బాబాయికి, ఆఖరున, ఏ ముచ్చటైనా ఊరంతా మోసే పున్నమ్మ అత్తకు. ఆమె నా జబ్బు ఎట్లుందని అడిగితే, మందులు వాడుతున్నాడని చెప్పు.

మీ నాన్న