న్యాయ సహాయ కేంద్రానికి వేసిన తాళం గురించి

లా కళాశాల ప్రిన్సిపాల్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కళాశాల న్యాయ సహాయ కేంద్రమునకు వేసిన తాళము తీయించుట గురించి.

కుట్టుపని చేసుకొను నేను తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. నా తమ్ముడు వెల్డరు. ఫ్యాక్టరీ మంటల్లో పోయినవారి పేర్లు బయటపెట్టమని గేటు దగ్గర అడిగినందుకు, వాడిని పోలీసులు పనిబట్టలతోనే జీపు ఎక్కించి తీసుకొనిపోయిరి. స్టేషనులో విచారించగా, "అలాంటోడు మా దగ్గర లేడు. ఎవత్తెతోనో పోయుంటాడు, వెతుక్కో" అని సెలవిచ్చిరి. కోర్టులోనూ అదే చెప్పగా కేసు కొట్టివేసిరి. పిమ్మట ఏ వకీలూ గుమ్మం తొక్కనివ్వలేదు.

2. తమ కళాశాల వెనుక గదిలోని ఈ కేంద్రములో లెక్చరరమ్మగారు, ఇద్దరు విద్యార్థినులు నన్ను కూర్చోబెట్టి, "ఏడుపొస్తే ఏడవండక్కా, మేం ఆగుతాం. కానీ మొత్తం చెప్పండి" అన్నారు. గేటు దగ్గర చూసినవారి ఇళ్ళకు తిరిగి సాక్ష్యములు సేకరించి, ఇక్కడి కోర్టులలో దారి మూసుకుపోయినవారి మొర ఆలకించు అంతర్జాతీయ మానవ హక్కుల కమిటీకి పంపిరి. ఈ మనిషి ఎక్కడ అని కమిటీవారు ప్రభుత్వమును అడిగిరి. అంతవరకు లేని మనిషి జైలులో ఉన్నాడని అప్పుడు తేలినది.

3. చూడబోతిని. జాలీ అవతల నిలబడినవాడిని గుర్తుపట్టలేక పక్కవాడి వైపు చూచుచుంటిని. "అక్కా, నేనే" అన్నాడు. ఇటువంటివి అర్జీలో వ్రాయరాదేమో. వ్రాయకుండా ఉండలేకపోతిని.

4. వాడు తనంతట తానే లొంగిపోయాడని ప్రభుత్వమువారు కమిటీకి జవాబిచ్చిరి. అది అబద్ధమని మేము బదులు పంపవలసిన గడువు ముంచుకొచ్చినది. ఇంతలో తమరు, "పైనుంచి ఒత్తిడమ్మా, నన్నేం చేయమంటావ్" అని గదికి తాళం వేయించితిరి. సాక్ష్యములన్నీ లోపలే ఉన్నవి.

తమ ఇబ్బందులు తమకున్నవని ఎరుగుదును. ఆ బదులు పంపువరకైనా గది తెరిపించి, ఒక ప్రాణమును నిలబెట్టవలసినదిగా వేడుకొనుచున్నాను. నా మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
వెల్డరు అక్క

తా.క.: సారూ, ఈ కాగితం మీకిద్దామని వస్తుంటే తోటి ఖైదీ భార్య ఫోన్ చేసింది. తమ్ముణ్ణి మళ్ళీ ఎక్కడికో తీసుకెళ్ళిపోయారట. ఎక్కడికో చెప్పరట. కమిటీకి ఇప్పుడే తెలియజేయాలంటోంది లెక్చరరమ్మ. మీరేమో ఆఫీసులో లేరు. ఆ ఇద్దరు చదువుకునే పిల్లలూ గుమ్మం దగ్గరే నిలబడిపోయారు, దేన్నీ ముట్టుకోలేదు. వాళ్ళను పరీక్షలు రాయనివ్వండి. తాళం పగలగొట్టింది నేనే.